మ్యాక్స్ బిల్లులో జరిమానా ఎంత?

ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737 మ్యాక్స్‌లు కొన్నింటిని ఎక్కినవాళ్లు గమనించే ఉంటారు. చవక టికెట్ల ఎయిర్‌లైనే, అయినా తలుపు దాటగానే ముందు ఎనిమిది వెడల్పాటి సీట్లు కనిపించేవి, అచ్చం బిజినెస్ క్లాస్‌లోలాగే. వాటికి 'ఎక్స్‌ప్రెస్ బిజ్' అని పేరు పెట్టి అమ్మారు. నిజానికి ఆ సీట్లు మనవాళ్లు కోరి వేయించుకున్నవి కావు. ఆ విమానాలు మొదట వేరేవాళ్ల కోసం, ముఖ్యంగా చైనా ఎయిర్‌లైన్ల కోసం తయారయ్యాయి. వాళ్లు తీసుకోలేదు. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ నిలబడి, చివరికి టాటాల చేతికి వచ్చాయి. కొంటానన్నవాడు వెనక్కి తగ్గితే, తోక మీద ఎవరి రంగూ లేకుండా మిగిలిపోయే విమానాన్ని ఈ వ్యాపారంలో వైట్ టెయిల్ అంటారు. ఎయిర్ ఇండియా గ్రూపు 2023 ఫిబ్రవరిలో ప్రకటించిన 470 విమానాల ఆర్డరులో 190 మ్యాక్స్‌లు ఉన్నాయి. వాటిలో ఓ యాభై ఇలాంటివే.

జకార్తా, అడిస్ అబాబాల నుంచి ఎగిరి కూలిన రెండు మ్యాక్స్ విమానాలకూ, మనం కూర్చునే సీటు వెడల్పుకూ సంబంధం ఇదీ.

ప్రమాదం జరిగాక తయారీ కంపెనీకి ఏం నష్టం అంటే జరిమానా, నష్టపరిహారం, షేరు ధర అని చెబుతారు. వార్తల్లో వచ్చేవి అవే కాబట్టి. నా లెక్కలో ఆ మూడూ చిన్నవి. అసలు దెబ్బ తగిలే చోట్లు వేరు: విమానాన్ని కొన్నవాడికి అప్పగించే రోజు, ఫ్యాక్టరీలో లైను కదిలే వేగం, యోగ్యతా సర్టిఫికెట్ మీద ఎవరి సంతకం పడుతుందన్న ప్రశ్న.

లోపం దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే డబ్బు లెక్క కూడా అక్కడే మొదలైంది. 737 నేలకు దగ్గరగా ఉండే విమానం. మ్యాక్స్‌కు పెట్టిన లీప్-1బి ఇంజిన్లు పాతవాటికన్నా పెద్దవి, రెక్క కింద పట్టవు. అందుకని కాస్త ముందుకు, కాస్త పైకి జరిపి బిగించారు. దాంతో ముక్కు బాగా పైకి లేచిన స్థితిలో అది ఇంకా పైకి లేవబోయే గుణం వచ్చింది. దాన్ని అదుపు చేయడానికి ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. తోక దగ్గరి స్టెబిలైజర్‌ను తిప్పి ముక్కును కిందికి దించడం దాని పని. మొదటి డిజైన్‌లో ఒకసారికి గరిష్ఠంగా 0.6 డిగ్రీలు తిప్పేది. తక్కువ వేగంలో కూడా పనిచేయాలని తర్వాత దాన్ని 2.5 డిగ్రీలకు పెంచారు. విమానం గాలికి ఎంత కోణంలో ఉందో కొలిచే యాంగిల్ ఆఫ్ అటాక్ సెన్సర్లు రెండున్నాయి, కానీ ఎంక్యాస్ ఏ ప్రయాణంలోనైనా ఒక్కదాని మాటే వినేది. ఆ ఒక్కటీ తప్పు చెబితే, పైలట్ స్విచ్ నొక్కి సరిచేసిన ఐదు సెకన్లకు మళ్లీ ముక్కు దించేది. ఇలా ఎన్నిసార్లయినా. పైలట్ మాన్యువల్లో దీని వివరణే లేదు. రెండు సెన్సర్లూ పొంతన లేకుండా చెబుతుంటే వెలగాల్సిన హెచ్చరిక కూడా, అదనంగా డబ్బు కట్టి ఇండికేటర్ కొనుక్కున్న విమానాల్లోనే పనిచేసింది. అందరికీ ఉండాల్సింది అలా కొందరికే ఉందని కంపెనీకి 2017లోనే తెలుసు.

2018 అక్టోబర్ 29న లయన్ ఎయిర్ 610లో సెన్సర్ అంతకు ముందురోజే మార్చినది. దాని కొలత 21 డిగ్రీలు తేడాగా ఉంది. 189 మంది పోయారు. 2019 మార్చి 10న ఇథియోపియన్ 302లో సెన్సర్ టేకాఫ్ అయిన వెంటనే చెడిపోయింది. అక్కడి పైలట్లు కంపెనీ చెప్పిన ప్రకారం, స్టెబిలైజర్ మోటారుకు కరెంటు ఆపే కటౌట్ స్విచ్‌లు వేశారు కూడా. కానీ ఆ వేగంలో గాలి ఒత్తిడికి, స్టెబిలైజర్‌ను చేత్తో తిప్పే చక్రం తిరగలేదు. 157 మంది పోయారు. మొత్తం 346.

ఈ సంఖ్య దగ్గర కాస్త ఆగాలి. 1974 మార్చి 3న పారిస్ దగ్గర డీసీ-10 కూలినప్పుడు పోయింది కూడా సరిగ్గా 346 మందే. అక్కడ లోపం కార్గో తలుపు గడియది. 1972లోనే అమెరికన్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 ఒకటి అదే తలుపు ఊడి, అదృష్టం కొద్దీ దిగింది. అప్పుడు అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ తప్పనిసరి ఆదేశం ఇవ్వకుండా, మర్యాదపూర్వకంగా మాట్లాడుకుని తయారీదారు సర్వీస్ బులెటిన్‌తో సరిపెట్టింది. సర్వీస్ బులెటిన్ అంటే కంపెనీ ఇచ్చే సూచన. ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్ అంటే ప్రభుత్వ ఆదేశం, పాటించకపోతే విమానం ఎగరకూడదు. పారిస్‌లో కూలిన విమానం రికార్డుల్లో మార్పులు చేసేసినట్టు రాసి ఉంది. చేయలేదు. ఆ డీసీ-10 తయారీ కంపెనీ మెక్‌డొనెల్ డగ్లస్ చివరికి 1997లో బోయింగ్‌లో కలిసిపోయింది.

మ్యాక్స్ విషయంలో పేరు పోయింది మొదటి ప్రమాదంతో కాదు. లయన్ ఎయిర్ తర్వాత నాలుగు నెలలకు పైగా వ్యవధి దొరికింది. సరిచేసే సాఫ్ట్‌వేర్ రాకపోతే ఈ రకం విమానాలు వాటి జీవితకాలంలో మరో 15 ప్రమాదాలకు లోనుకావచ్చని ఎఫ్‌ఏఏ సొంత అంచనా 2018 డిసెంబర్‌లోనే చెప్పింది. అయినా ఎగరనిచ్చారు. మొదటి ప్రమాదాన్ని లోకం దురదృష్టం అనుకుంటుంది. అదే కారణంతో రెండోది జరిగితే కంపెనీ నడవడిక బయటపడింది అనుకుంటుంది. ఈ రెంటి మధ్య గడిచిన రోజులే పరువుకు కొలబద్ద.

మాన్యువల్లో ఎందుకు రాయలేదంటే, దాని వెనక ఒక కాంట్రాక్టు షరతు ఉంది. పాత 737 నడిపే పైలట్లకు మ్యాక్స్ కోసం సిమ్యులేటర్ శిక్షణ అవసరమైతే, ఒక్కో విమానానికి 10 లక్షల డాలర్లు తగ్గిస్తామని సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌కు బోయింగ్ ఒప్పుకుంది. ట్యాబ్ మీద కొన్ని గంటల కోర్సుతో పైలట్లు మారిపోవాలన్నది అమ్మకపు ప్రధాన వాగ్దానం. ఎంక్యాస్‌ను కొత్త వ్యవస్థగా చెబితే ఆ వాగ్దానం చెడుతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

ఇప్పుడు గొడ్డలి ఖరీదు చూద్దాం.

2020 జనవరిలో బోయింగ్ తన లెక్క తనే చెప్పింది: దాదాపు 1,860 కోట్ల డాలర్లు. ఇందులో 830 కోట్లు ఎయిర్‌లైన్లకు ఇవ్వాల్సిన రాయితీలు. 630 కోట్లు లైను వేగం తగ్గడంతో ఒక్కో విమానం తయారీ ఖర్చు పెరిగినందుకు. 400 కోట్లు లైను ఆగిన కాలంలో ఊరికే మోయాల్సిన ఖర్చు. తర్వాతి ఏడాది అమెరికా న్యాయశాఖతో 250 కోట్ల డాలర్ల ఒప్పందం అని పెద్ద అక్షరాల్లో వచ్చింది. విడదీసి చూస్తే క్రిమినల్ జరిమానా 24.36 కోట్లు, మృతుల కుటుంబాలకు 50 కోట్లు, మిగతా 177 కోట్లూ ఎయిర్‌లైన్లకే. అంటే 1,860 కోట్ల పక్కన పెట్టి చూస్తే జరిమానా నూటికి ఒకటిన్నర కూడా కాదు. కోర్టుల్లో వచ్చే పరిహారాల సంగతికొస్తే, ఇలాంటి కంపెనీలకు బీమా ఉంటుంది. అప్పగించలేని విమానానికి బీమా లేదు.

ఎందుకలా అంటే, విమానం డబ్బు వచ్చే తీరు అలాంటిది. ఆర్డరు రోజు కట్టేది కొద్ది శాతం. అప్పగింతకు రెండేళ్ల ముందునుంచి వాయిదాలు మొదలవుతాయి. సగం పైన, చాలా ఒప్పందాల్లో అరవై శాతం దాకా, తాళాలు చేతికిచ్చే రోజునే వస్తుంది. గ్రౌండింగ్ ఆదేశం ఎగురుతున్న 387 విమానాలను ఆపింది. అంతకన్నా పెద్ద నష్టం, కొత్తగా తయారయ్యేవాటిని అప్పగించే దారి మూసుకుపోవడం. బోయింగ్ అప్పటికి నెలకు 52 చేస్తోంది, 57కు పెంచాలని ఫ్యాక్టరీని సిద్ధం చేసుకుంది. ప్రమాదం తర్వాత 42కు తగ్గించింది గానీ ఆపలేదు. ఇంజిన్లు, అల్యూమినియం, జీతాలు అన్నిటికీ డబ్బు పోతూనే ఉంది, ఒక్క రూపాయి లోపలికి రాదు. అలా 2020 జనవరి నాటికి 400 విమానాలు పోగుపడ్డాయి. 737లు తయారయ్యే రెంటన్ ఫ్యాక్టరీ దగ్గర ఉద్యోగుల కార్లు పెట్టుకునే చోట కూడా విమానాలు నిలిపారు. ఆ నెలలో లైను ఆపక తప్పలేదు. మే దాకా ఆగింది.

మొదటి నెలలోనే ఆపి ఉంటే నష్టం తగ్గేదా అని అడిగేవాళ్లున్నారు. అంత తేలిక కాదు. లైను ఆపడమంటే బటన్ నొక్కడం కాదు. అమెరికాలోని విచిటాలో స్పిరిట్ ఏరోసిస్టమ్స్ 737 బాడీలో ఎక్కువ భాగం చేసి రైలు మీద పంపేది. అప్పట్లో వాళ్ల ఆదాయంలో సగానికి పైగా ఈ ఒక్క విమానందే. 2020 జనవరిలో లైను ఆగగానే అక్కడ 2,800 మందిని తీసేశారు. అలా పోయిన రివెటర్, సీలర్ మళ్లీ పిలిస్తే రాడు. వేరే ఊళ్లో వేరే పని చూసుకుని ఉంటాడు. కొత్తగా తీసుకున్నవాడికి ఆ చేయి రావడానికి ఏళ్లు పడుతుంది. దీని ఫలితం మూడున్నరేళ్ల తర్వాత కనిపించింది, ఆ సంగతికి వస్తాను.

నిలబెట్టిన విమానం కూడా పని అడుగుతూనే ఉంటుంది. ఇంజిన్లకు మూతలు వేయాలి, సెన్సర్ల రంధ్రాలు మూయాలి, టైర్లు ఒకే చోట ఒత్తుకుపోకుండా తిప్పాలి, బ్యాటరీలు చూడాలి, ఇంజిన్లు అప్పుడప్పుడు తిప్పాలి. 2020 ఫిబ్రవరిలో నిల్వ ఉన్న కొన్ని మ్యాక్స్‌ల ఇంధన ట్యాంకుల్లో గుడ్డ ముక్కలు, పనిముట్లు దొరికాయి. దాంతో అన్నిటి ట్యాంకులూ తెరిచి చూడాల్సి వచ్చింది. 2020 నవంబర్ 18న ఎఫ్‌ఏఏ ఆంక్ష ఎత్తేసినా, ఒక్కో విమానంలో ఇవన్నీ చేయాలి: ఫ్లైట్ కంట్రోల్ కంప్యూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్, డిస్‌ప్లే సాఫ్ట్‌వేర్, స్టెబిలైజర్ ట్రిమ్ వైర్ల దారి వేరుచేయడం, యాంగిల్ ఆఫ్ అటాక్ సెన్సర్ల పరీక్ష, మాన్యువల్ సవరణ, చివర్లో ప్రయాణికులు లేకుండా ఒక పరీక్ష ప్రయాణం. పైలట్లకు సిమ్యులేటర్ శిక్షణ తప్పనిసరి. ఏది తప్పించుకోవాలని ఇంత చేశారో అదే చివరికి నెత్తిన పడింది.

గ్రౌండింగ్ ఇరవై నెలలు సాగింది. అమ్మకపు ఒప్పందాల్లో సాధారణంగా ఒక గడువు ఉంటుంది: అప్పగింత పన్నెండు నెలలు ఆలస్యమైతే కొనేవాడు జరిమానా లేకుండా రద్దు చేసుకోవచ్చు. 2020లో కోవిడ్ వచ్చి ఎయిర్‌లైన్లకు విమానాలే అక్కర్లేని పరిస్థితి ఏర్పడింది. ఆ క్లాజు వాళ్ల చేతిలో ఉంది. వాడుకున్నారు. కోవిడ్ లేకపోతే ఇన్ని రద్దులు ఉండేవి కావు. అందుకే 2020లో బోయింగ్ చూపిన 1,190 కోట్ల డాలర్ల నష్టాన్ని మొత్తం మ్యాక్స్ ఖాతాలో వేయడం తప్పు. కానీ 2019లో, కోవిడ్ ఊసు లేనప్పుడే, 1997 తర్వాత తొలిసారి ఆ కంపెనీ వార్షిక నష్టం చూపింది. 2018 చివర్లో 1,400 కోట్లకు కాస్త తక్కువున్న అప్పు రెండేళ్లలో 6,360 కోట్ల డాలర్లకు చేరింది. అంతకు ముందు 2013 నుంచి ఆరేళ్లలో సొంత షేర్లు కొనడానికి 4,300 కోట్లు పోసిన కంపెనీ ఇది. ఆ డబ్బు గల్లాలో ఉంటే కథ వేరేగా ఉండేది.

అప్పగింతల లెక్క చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. 2018లో బోయింగ్ 806, ఎయిర్‌బస్ 800. 2019లో 380, 863. 2024లో 348, 766. మధ్య తరహా కొత్త విమానం ఒకటి చేద్దామనుకున్న ఆలోచనను 2020 జనవరిలో పక్కన పెట్టారు. ఆ ఖాళీలో ఎయిర్‌బస్ ఏ321నియో దూరిపోయింది. ఏ బ్యాలెన్స్ షీటులోనూ కనిపించని నష్టం అది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది కూడా.

ఇక పరువు. ఎవరి దగ్గర పోయిందన్నది విడివిడిగా చూడాలి.

ప్రయాణికుల దగ్గర పోయిన పరువు త్వరగానే తిరిగొచ్చింది. కొన్ని ఎయిర్‌లైన్లు మ్యాక్స్ అనే మాట మానేసి 737-8 అని రాయడం మొదలుపెట్టాయి. టికెట్ బుక్ చేసేటప్పుడు ధర, టైము చూస్తారు తప్ప విమానం రకం చూసేవాళ్లు ఎంతమంది? పైగా చాలామందికి 737 అంటే అంతా ఒకటే. విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలిపిన టీయూ-142 జాతి విమానాల బదులు నౌకాదళం తెచ్చుకున్న సముద్ర నిఘా విమానం పీ-8ఐ కూడా 737 వంశమే, రెంటన్‌లోనే తయారైంది. కాకపోతే అది పాత 737-800 మీద ఆధారపడ్డది, ఎంక్యాస్ లేదు, కాబట్టి 2019లో దాన్ని ఆపాల్సిన పని పడలేదు.

ఎయిర్‌లైన్ల దగ్గర పరువు పోయినా వ్యాపారం పోలేదు, ఎందుకంటే పోవడానికి వేరే దుకాణం లేదు. ఆ సైజు విమానం అమ్మేది ఇద్దరే. ఎయిర్‌బస్ క్యూ ఏళ్ల పొడవుంది. అసలు మ్యాక్స్ అప్రదిష్టలో ఉన్నప్పుడే బేరం బాగుంటుందని లెక్కవేసినవాళ్లూ ఉన్నారు. ఆకాశ ఎయిర్ 2021 నవంబర్‌లో 72 మ్యాక్స్‌లు ఆర్డరిచ్చి, మరుసటి ఏడాది ఆగస్టులో ఎగరడం మొదలుపెట్టి, డిసెంబర్‌లో విశాఖకూ వచ్చింది. బేరం బాగానే ఉంది, కానీ విమానాలు టైముకు రాలేదు. ముందే చేర్చుకున్న పైలట్లు వందల సంఖ్యలో పని లేకుండా కూర్చున్నారు. స్పైస్‌జెట్ దగ్గర 13 మ్యాక్స్‌లు 2019 మార్చి నుంచి మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2021 ఆగస్టులో అనుమతి ఇచ్చేదాకా నిలబడిపోయాయి. తయారీదారుతో సెటిల్‌మెంట్ 2021 నవంబర్‌కు గానీ తేలలేదు. ఈ సెటిల్‌మెంట్లు నగదు రూపంలోనే రావాలని లేదు. తర్వాతి విమానాల మీద తగ్గింపు, ముందు వరుసలో డెలివరీ తేదీ, విడిభాగాలు, శిక్షణ, ఇలా వస్తుంటాయి. అంటే ఆ కంపెనీ తన రేపటి లాభాన్ని ఇవాళే ఇచ్చేస్తోందన్నమాట.

నియంత్రణ సంస్థల దగ్గర పోయినది మాత్రం తిరిగి రావడం చాలా కష్టం. పరవాడ ఫార్మాసిటీలో పనిచేసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక్కసారి రికార్డులు దిద్దారని పట్టుకుంటే, తర్వాత వచ్చే ప్రతి ఇన్‌స్పెక్టరూ ఆ కాగితం చేతిలో పట్టుకునే గేటు లోపలికి వస్తాడు. బోయింగ్‌కూ అదే జరిగింది. విమాన యోగ్యతా తనిఖీల్లో చాలా భాగాన్ని ఎఫ్‌ఏఏ తరఫున కంపెనీ ఉద్యోగులే చేసే ఏర్పాటు దశాబ్దాలుగా ఉంది. 2019 నవంబర్‌లో ఒక్కో మ్యాక్స్‌కు ఇచ్చే సర్టిఫికెట్ అధికారాన్ని ఎఫ్‌ఏఏ తన చేతికి తీసుకుంది. 2020 డిసెంబర్‌లో సర్టిఫికేషన్ చట్టాన్నే కఠినం చేశారు. అంతవరకు ఎఫ్‌ఏఏ సరేనంటే ప్రపంచమంతా సరేననేది. 2019 మార్చిలో మొదట ఆపింది చైనా, 11వ తేదీన. 12న యూరప్, అదే రాత్రి మన డీజీసీఏ. అమెరికా వీళ్లందరి తర్వాత, 13న. ఆ తర్వాత యూరప్ తన తనిఖీ తను చేసుకుంటానంది. చైనాలో మ్యాక్స్ మళ్లీ ప్రయాణికులతో ఎగరడానికి 2023 జనవరి దాకా పట్టింది. చిన్న రకం మ్యాక్స్-7, పెద్ద రకం మ్యాక్స్-10ల ధ్రువీకరణ ఏళ్ల తరబడి ముందుకు జరుగుతూ వచ్చింది. 777ఎక్స్ మొదటి అప్పగింత 2020 అన్నారు, ఇప్పుడు 2027 అంటున్నారు. 2025 అక్టోబర్‌లో ఆ ఆలస్యం పేరుమీదే 490 కోట్ల డాలర్లు ఖర్చు రాశారు. ఇవన్నీ ఎంక్యాస్ తప్పులు కావు. కానీ 2018కి ముందులా సంతకం త్వరగా పడే రోజులు పోయాయి.

ఇందాక చెప్పిన మూడున్నరేళ్ల ఫలితం ఇదీ. 2023 ఆగస్టు చివర్లో రెంటన్‌కు వచ్చిన ఒక మ్యాక్స్-9 బాడీలో ఐదు రివెట్లు సరిగా లేవు. వాటిని మార్చాలంటే పక్కనున్న డోర్ ప్లగ్ తెరవాలి. ప్లగ్ అంటే తలుపు అవసరం లేని చోట మూసే పలక. నాలుగు బోల్టులు తీసి తెరిచారు. తెరిచినట్టు సిస్టమ్‌లో రాయలేదు. రాయలేదు కాబట్టి మూసాక తనిఖీ చేయాలన్న పని ఎవరికీ వెళ్లలేదు. బోల్టులు లేకుండానే మూసి, అక్టోబర్ 31న అలాస్కా ఎయిర్‌లైన్స్‌కు ఇచ్చారు. 2024 జనవరి 5న సుమారు 15 వేల అడుగుల ఎత్తులో పలక ఊడిపోయింది. 177 మంది ఉన్నారు, ఎవరూ చనిపోలేదు. ఎవరు తెరిచారు, ఎప్పుడు మూశారు అని దర్యాప్తు సంస్థ అడిగితే చూపడానికి కాగితం లేదు.

విడిభాగం టైముకు రాకపోయినా, లోపంతో వచ్చినా, లైను ఆపకుండా విమానాన్ని తర్వాతి స్టేషనుకు జరిపి, ఆ పని అక్కడ చేసుకుందామనడం రెంటన్‌లో అలవాటైంది. ఒక మెకానిక్ తీసిన బోల్టును ఇంకో షిఫ్టువాడు పెడతాడనుకోవడం అక్కడే పుడుతుంది. వేగం పెంచాలన్న ఒత్తిడి, అనుభవం లేని చేతులు, రాయని రికార్డు, మూడూ ఒకే చోట కలిశాయి. ఎఫ్‌ఏఏ వెంటనే 171 విమానాలు ఆపింది, నెలకు 38కి మించి చేయకూడదని పరిమితి పెట్టింది. ఆ పరిమితి 2025 అక్టోబర్‌లో 42కు పెరిగింది. 2018లో 52 చేసిన ఫ్యాక్టరీ అది. ఒక్క ప్రాణం పోని ప్రమాదం కూడా ఇంత ఖరీదైనదైంది, ఎందుకంటే అంతకు ముందు 346 మంది ఉన్నారు. 2024 సెప్టెంబర్‌లో 33 వేల మంది కార్మికుల సమ్మె దానికి తోడైంది. 2024 నష్టం 1,180 కోట్ల డాలర్లు. పదిహేడు వేల ఉద్యోగాల కోత ప్రకటించారు. చివరికి స్పిరిట్‌నే 470 కోట్లకు తిరిగి కొన్నారు, 2005లో ఖర్చు తగ్గించుకోవడానికి తామే అమ్మేసిన ఫ్యాక్టరీని.

సంక్షోభం ఎప్పుడూ ఇంత ఖరీదు కావాలని లేదు. 2025 అక్టోబర్ 30న జెట్‌బ్లూ ఏ320 ఒకటి ఆకాశంలో హఠాత్తుగా ముక్కు దించింది. సౌర వికిరణం వల్ల ఎలివేటర్ కంప్యూటర్ సమాచారం చెడిపోయే అవకాశం ఉందని ఎయిర్‌బస్ తేల్చి, నవంబర్ 28న దాదాపు 6,000 విమానాలకు హెచ్చరిక పంపింది. చాలావాటికి పాత సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కిస్తే చాలు, రెండు మూడు గంటల పని. మనదేశంలో 338 విమానాలు, ఎక్కువ ఇండిగోవి. ఒకటి రెండు రోజుల్లో అయిపోయింది. విశాఖ నుంచి వెళ్లేవాళ్లకు కొన్ని విమానాలు ఆలస్యమయ్యాయంతే. లోపం చిన్నదా పెద్దదా అని కాదు, మొదటి సంఘటనకూ ఆదేశానికీ మధ్య నెల కూడా గడవలేదు. కానీ ఎయిర్‌బస్‌ను ఆకాశానికెత్తనక్కర్లేదు. అదే వారంలో బాడీ పలకల మందం తేడా బయటపడి ఏడాది లక్ష్యాన్ని 820 నుంచి 790కి దించుకుంది.

ఇంజిన్ తయారీదారుకూ ఇదే గతి. ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్లలో వాడిన లోహపు పొడిలో కల్మషం ఉందని 2023లో తేలి, 600 నుంచి 700 ఇంజిన్లు రెక్కల మీంచి దించాల్సి వచ్చింది. మాతృసంస్థ ఆర్‌టీఎక్స్ దాదాపు 300 కోట్ల డాలర్ల దెబ్బ లెక్కలో చూపింది. ఇండిగో డెబ్బైకి పైగా విమానాలు ఒక దశలో ఆగిపోయాయి. గో ఫస్ట్ అంతకు ముందే, ఆ కంపెనీ ఇంజిన్లు సరిగా రాలేదంటూ 2023 మేలో దివాలాకు వెళ్లింది. అంటే తయారీదారు పరువు పోయింది, కొన్నవాడి దుకాణమే మూతపడింది.

కొనేవాడూ చేసేవాడూ ఒకే ఇంటివాళ్లయితే లెక్క మారుతుంది. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో కోస్ట్‌గార్డ్ ధ్రువ్ హెలికాప్టర్ కూలి ముగ్గురు పోయాక, దేశంలోని దాదాపు 330 ధ్రువ్‌లనూ ఆపారు. స్వాష్‌ప్లేట్ విరగడం కారణమని తేలింది. విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగలో 2022లో మొదలుపెట్టిన ధ్రువ్ స్క్వాడ్రన్ కూడా ఆగక తప్పలేదు. సైన్యం, వాయుసేనవి కొన్ని నెలల్లో మళ్లీ ఎగిరాయి. ఉప్పుగాలిలో, ఓడల మీద పనిచేసే నౌకాదళం, కోస్ట్‌గార్డ్‌లవి ఇంకా ఆలస్యమయ్యాయి. ధ్రువ్ తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌కు ఆర్డర్లు పోలేదు, పోవు. కానీ బయటి మార్కెట్ సంగతి ఈక్వెడార్‌ను అడగాలి. అక్కడ కొన్న ఏడింటిలో నాలుగు కూలాక 2015లో కాంట్రాక్టే రద్దుచేశారు.

ఈ లెక్కలు మనకెందుకంటారా? హైదరాబాద్ ఆదిభట్లలో టాటా బోయింగ్ యూనిట్ 737 తోక రెక్కలు చేసి పంపుతోంది. భోగాపురం విమానాశ్రయం చుట్టూ ఇలాంటి పనులొస్తాయని గాజువాక, అచ్యుతాపురం మెషిన్ షాపులవాళ్లు ఎదురుచూస్తున్నారు. ఆర్డరు వస్తే ముందు చూడాల్సింది ముక్క ధర కాదు. దీర్ఘకాల ఒప్పందాల్లో సాధారణంగా ధర, వాటా రాస్తారు, నెలకు ఇన్ని కొంటామని రాయరు. లైను 52 నుంచి 38కి పడితే ఇక్కడ సీఎన్‌సీ యంత్రం మీద తీసుకున్న బ్యాంకు వాయిదా 38కి తగ్గదు. ముడి లోహం ముందే కొనిపెట్టాలి. ఏరోస్పేస్ గ్రేడు టైటానియం, అల్యూమినియం వేరేచోట అమ్ముకోవడం కష్టం. కాబట్టి రేటు ఇంత శాతం కన్నా పడితే కొన్న మెటీరియల్‌ను వాళ్లే తీసుకోవాలన్న క్లాజు అడగాలి. అడిగితే ఆర్డరు పోతుందేమోనన్న భయంతో చాలామంది అడగరు.

రెండోది కాగితం. ప్రతి ముక్కకూ ఏ హీట్ నంబరు (ఏ విడతలో కరిగించిందో చెప్పే నంబరు) లోహం, ఏ యంత్రం, ఏ ఆపరేటర్, ఎవరి తనిఖీ అన్నది దొరకాలి. 2024లో నకిలీ పత్రాలతో వచ్చిన టైటానియం బోయింగ్, ఎయిర్‌బస్ విమానాలు రెండింట్లోనూ చేరిందని ఎఫ్‌ఏఏ దర్యాప్తు మొదలుపెట్టింది. లోహం మంచిదే కావచ్చు, పత్రం అబద్ధమైతే ఆ ముక్క ఎగరడానికి పనికిరాదు. ఇంజినీరింగ్ మార్పు వచ్చినప్పుడు మొదటి ముక్కకు పూర్తి కొలతల తనిఖీ మళ్లీ చేయాలి, పాత రిపోర్టును కాపీ కొట్టకూడదు. చెడిన ముక్కను పక్కన పెట్టి ఎర్ర ట్యాగ్ కట్టాలి, నైట్ షిఫ్టువాడు దాన్ని మంచివాటిలో కలపకుండా తాళం వేసిన పెట్టెలో ఉంచాలి.